మూడు నిమిషాల్లో ముగియని మగ్గం ఆట

మీరు నమ్మినా నమ్మకపోయినా, ఒకప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, గుంతకల్లు, బళ్ళారి ఊళ్లలో జనం ఏ వీడియో ఆట ఆడాలో, ఏది ఆడకూడదో తేల్చే కాగితం మీద మొదటి సంతకం నాది. పెద్ద హోదా అనుకునేరు! చేతిలో ఒక స్క్రూడ్రైవరు, నడుముకు తాళాల గుత్తి, భుజాన రెక్సిన్ సంచి, అంతే. ఉద్యోగం పేరు మాత్రం సర్వీసు ఇంజనీరు. నేను చదివింది ఐటీఐలో రేడియో మెకానిక్కు. మా అమ్మీ ఆదోనిలో మా వీధి వీధంతా "మావాడు ఇంజనీరు" అని చాటి, ఆ మాట మీదే నా నికా కూడా కుదిర్చేసింది. తర్వాత మా ఆవిడకు నిజం తెలిసింది గానీ, పాపం, అప్పటికి ఆలస్యమైపోయింది.

ఎనభయ్యో దశకం చివరి సంవత్సరాలవి. ఊళ్లలోకి టీవీలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. నేను పనిచేసిన బెంగుళూరు కంపెనీ హోటళ్లలో, సినిమా హాళ్ల వరండాల్లో, బస్టాండు అంగళ్లలో ఆటల పెట్టెలు పెట్టించేది. ఛాతీ ఎత్తు చెక్కపెట్టె, లోపల టీవీ, దాని కింద ఒక చిన్న కంప్యూటరు, ముందువైపు పట్టుకోవడానికి ఒక కర్ర, రెండు బటన్లు. రూపాయి బిళ్ళ వేస్తే ఆట మొదలవుతుంది. ఆట ఉండేది క్యాసెట్టులో. పాటల క్యాసెట్టు కాదు, అరచేతంత నల్లటి ప్లాస్టిక్ డబ్బా. పెట్టె వెనక తలుపు తీసి దాన్ని కంప్యూటరులో గుచ్చాలి. ప్రతి క్యాసెట్టులోనూ కంపెనీవాళ్లు గోరంత తాళం ముక్క ఒకటి పెట్టేవారు. దానికి జోడీ ముక్క పెట్టెలో ఉండేది. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే తెర మీద బొమ్మ వస్తుంది. ఇంకెవరి క్యాసెట్టు గుచ్చినా తెర నీలంగా అట్లాగే ఉండిపోతుంది.

అంటే పెట్టె ఉన్న స్థలం హోటలాయనది, కరెంటు ఆయనది, ఆడేది మన జనం. అందులో ఏ ఆట నడవాలో మాత్రం బెంగుళూరు చెప్పాలి. మీరిప్పుడు ఫోనులో దించుకునే ఆటల సంగతీ ఇదే. ఎవరో ఎక్కడో కూర్చుని సరేనంటే తప్ప అవి మీదాకా రావు. కాకపోతే ఆ ఎవరో మీకు కనబడడు. మా కాలంలో కనబడేవాడు. మోపెడ్ మీద దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు, టీ ఇప్పిస్తే తాగేవాడు కూడా.

బయటివాళ్లెవరైనా ఆట తయారుచేస్తే మా కంపెనీకి పంపుకోవచ్చు. దానికి నలభై పేజీల రూల్స్ పుస్తకం ఉండేది. తెర మీద అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలి. పాసైతే కనీసం వంద క్యాసెట్లు మా ఫ్యాక్టరీలోనే చేయించుకోవాలి, ఆ ఖర్చు ఆట చేసినవాడి వాటాలోంచి పట్టుకుంటారు. పాసైన ఆటను రెండేళ్లపాటు ఇంకెక్కడా, ఇంకే యంత్రం మీదా ఆడించకూడదు. అన్నిటికీ మించిన రూలు ఇంకొకటి: మామూలు ఆటగాడి చేతిలో ఆట మూడు నిమిషాల్లోపు ముగిసిపోవాలి. లేకపోతే రెండో రూపాయి ఎట్లా పడుతుంది? ఆ మామూలు ఆటగాడు ఎవరో తేల్చడం సర్వీసు ఇంజనీరు పని. పదిమంది చేత ఆడించి, గడియారం చూసి, ఫారం నింపి, సంతకం పెట్టి పంపాలి. నా ఉద్యోగ కాలమంతటిలో ఆ ఫారం నేను నింపింది ఒక్కసారే. మా పక్క ఆటలు తయారుచేసేవాడు ఎవడున్నాడని!

ఒకడున్నాడని ఎమ్మిగనూరులో తెలిసింది. అతను జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టేవాడు. చీర అంచు మీద నెమలి రావాలంటే ముందు గళ్ల కాగితం మీద నెమలి గీసుకుని, దాని ప్రకారం అట్టల్లో చిల్లులు కొట్టాలి. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. వీధిలో అందరూ అతన్ని డిజైను మాస్టరు అనేవారు. ముప్పై ఏళ్ల మనిషి, సన్నగా ఉండేవాడు, మాట మహా నెమ్మది. ఎదుటివాడికి చిరాకు పుట్టేంత నెమ్మది. నేతగాళ్ల వీధి మొదట్లో ఉన్న టీ హోటల్లో మా పెట్టె రిపేరు చేస్తుంటే వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"భాయ్, లోపల ఏముండాదో ఒకసారి సూడనిస్తావా?"

"సూసి ఏం సేస్తావప్పా? కరెంటు కొట్టి సస్తే నా ఉద్యోగం పోతాది."

"సచ్చేది నేను, పోయేది నీ ఉద్యోగమా?" అన్నాడు, నవ్వకుండా.

నాకు నవ్వొచ్చి పక్కకు జరిగాను. తెర మీద బొమ్మంటే ఏమీ లేదనీ, అన్నీ చిన్న చిన్న గళ్లనీ, ఏ గడి వెలగాలో ఏది వెలగకూడదో కంప్యూటరు చెబుతుందనీ వివరించాను. అతను చాలాసేపు చూసి, "మరి ఇది గళ్ల కాగితమే కదా భాయ్" అన్నాడు. నాకు బెంగుళూరులో ఆరు నెలలు తల బాదుకుంటే ఎక్కిన విషయమది. ఇతనికి ఒక టీ చల్లారేలోగా ఎక్కింది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది.

ఒళ్లు మండినా స్నేహం కుదిరింది. వారానికోసారి ఆ వీధికి పోతే వాళ్లింట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేవారు. నా సంచిలో రిపేర్ల కోసమని తాళం అక్కర్లేని టెస్టు కంప్యూటరు ఒకటుండేది. దాన్ని బయటివాళ్ల చేతికి ఇవ్వడం ఉద్యోగం ఊడగొట్టుకునే పని. నాలుగోసారి ఉగ్గాని తిన్నాక ఇచ్చేశాను. దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నాకు తెలిసినంతలో తెలుగు చేసి చెప్పాను. తెలియనిచోట తెలిసినట్టు చెప్పాను. నేను తప్పు చెప్పినవన్నీ అతను తర్వాతి వారానికల్లా దిద్దుకుని ఉండేవాడు, నన్ను ఒక్క మాట అనకుండా.

ఎనిమిది నెలలు కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, ఆ ఏడు జకార్డు పని పూర్తిగా పడిపోయింది. షోలాపురంలో పవర్‌లూమ్ మిల్లులో ఉన్న బావమరిది రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. అతనికి పోవడం సుతరామూ ఇష్టం లేదు. "ఆడ నేసేది యంత్రమే భాయ్. మనిసి ముందర నిలబడి సూస్తాంటాడంతే. నేను పోయి ఏం సూసేది?" అనేవాడు. ఉగాది దాకా ఓపిక పట్టమని భార్యను ఒప్పించాడు. అప్పటికి ఆట పెట్టెల్లోకి ఎక్కితే ఎమ్మిగనూరులోనే ఉంటారు, లేకపోతే షోలాపురం రైలెక్కుతారు.

"కంపెనీ వద్దంటే అప్పుడేం సేస్తావు?" అని ఒకరోజు నా ముందే అడిగింది ఆమె.

"ఆదోనిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఆయప్ప తన కంప్యూటరు అమ్ముతాండాడంట. అదీ, పాత టీవీ ఒకటీ తెచ్చి నేనే ఒక పెట్టె సేసుకుంటా. మన ఈదిలో ఆడరా ఏంది?"

నేను పకపకా నవ్వాను. "ఒక్క పెట్టెతో, ఒక్క ఈదిలో ఏం బతుకుతావప్పా? కంపెనీ అంటే నాలుగు రాష్ట్రాలు!" అని రెండు చేతులూ బార్లా చాపి మరీ చూపించాను. ఆ చేతులు చాపడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంతకీ అతను చేసింది మగ్గం ఆట. తెర నిండా నిలువు దారాలు, అంటే పడుగు. కర్ర కుడికి లాగితే దారం కండె ఉన్న నాడె కుడికి పోతుంది, ఎడమకు లాగితే ఎడమకు వస్తుంది, వెనక అడ్డదారం, అంటే పేక, పరుచుకుంటూ. ఒక బటను తొక్కుడు చెక్క. చేతికీ తొక్కుడుకూ లయ తప్పితే ఎక్కడో ఒక దారం తెగుతుంది. అక్కడికి పోయి రెండో బటనుతో ముడి వేయాలి. వేయకుండా మూడు దారాలు తెగనిచ్చారంటే మొత్తం చిక్కుపడి ఆట ముగుస్తుంది. చివరిదాకా నేస్తే చీర దిగుతుంది. అంచు మీద నెమళ్లతో సహా ఆ చీర తెర మీద విప్పుకుంటుంది. వెంటనే కొత్త పడుగు వచ్చి నిలబడుతుంది.

నేను మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ అర నిమిషం లోపే చిక్కుపడిపోయింది. "బాగుందప్పా, శానా కష్టంగా ఉంది, కంపెనీ ఎగిరి గంతేస్తాది" అన్నాను. అతను "కష్టమా?" అని నా వైపు వింతగా చూశాడు.

టీ హోటల్లో పెట్టి చూద్దామని, పెట్టెలో కంపెనీ కంప్యూటరు తీసి నా టెస్టు కంప్యూటరు బిగించాను. మొదట వచ్చింది ఆ వీధిలో కండెలు చుట్టే అవ్వ. మోకాళ్లు పోయి మగ్గం గుంటలోకి దిగడం మానేసి పదేళ్లయిన మనిషి. టీ తాగి లేస్తూ తెర వైపు చూసి ఆగిపోయింది.

"ఇదేందప్పా, మన మగ్గం టీవీలోకి పోయి కూకుండాది?"

హోటలాయన స్టూలు వేశాడు. ఆమె రూపాయి వేసి కర్ర పట్టుకుంది. మొదట రెండు దారాలు తెగాయి, ముడి వేసింది. తర్వాత చేయి కుదిరింది. పదేళ్లుగా మగ్గం ముట్టని ఆ ముసలిచేతిలో నాడె కుడికీ ఎడమకూ టకటకా పోతుంటే హోటల్లో అందరూ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. చీర దిగింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని రెండో చీర మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం వేళకు హోటలాయన నా దగ్గరికొచ్చాడు.

"ఏం భాయ్ ఇది! ఆయమ్మ పొద్దున ఒక్క రూపాయి ఏసింది. ఇంతవరకూ లేస్తాలేదు!"

అవ్వ లేచాక ఒక నేతగాడు కూర్చున్నాడు. సాయంత్రం దీపాలు పెట్టేదాకా అతనూ లేవలేదు. మర్నాడూ ఇదే తంతు. వీధిలో ఏ మనిషిని కూర్చోబెట్టినా ఆట ముగియదు. మూడు నిమిషాల రూలు గుర్తొచ్చింది. మాస్టర్ని పక్కకు లాక్కుపోయాను.

"ఇది ముగియదేమప్పా?"

"యాల ముగియల్ల?"

"ఆట అన్నాక ముగియల్ల. మూడు ప్రాణాలు పెట్టు. ముడేసినా ఏయకున్నా, మూడుసార్లు దారం తెగితే ఖతం. ప్రపంచంలో ఆటలన్నీ అంతే."

అతను తీరిగ్గా ఆలోచించాడు. "దారం తెగితే సచ్చిపోతామా భాయ్? ముడేసుకుంటాం."

"నిజంగా కాదప్పా, ఆటలో!"

"ఆటలో గూడ అంతే."

ఎంత వాదించినా కదలలేదు. మొండివాడు అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది మొండితనం కాదు. రోజుకు పాతికసార్లు దారం తెగే ఇంట్లో పుట్టిన మనిషికి, తెగడం ఓడిపోవడమని తోచనే తోచలేదు. ఇంకే ఊరివాడు చేసినా ఆ ఆట మూడుసార్లు దారం తెగగానే ముగిసి ఉండేది. ఎమ్మిగనూరువాడు గనక ముగియలేదు.

మోపెడ్ మీద ఆదోనికి తిరిగొస్తుంటే దారిలో నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మామూలు ఆటగాడు అన్నారు గానీ, ఏ ఊరి ఆటగాడో రూల్స్ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. పరీక్ష ఎమ్మిగనూరులోనే పెట్టాలని ఎవడన్నాడు? ఆదోని పత్తి మార్కెట్టు ముందు హోటల్లో పెడితే సరి. మా ఊరివాళ్లకు పత్తిని చేత్తో పట్టుకుని ధర చెప్పడం వచ్చు గానీ, దాన్ని నేయడం మా తాతల కాలం నుంచీ మా పని కాదు. అబద్ధం రాయక్కర్లేదు, రూలు తప్పక్కర్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయి మోపెడ్ మీద పాట కూడా పాడుకున్నాను.

పరీక్ష రోజు మాస్టరు తెల్ల చొక్కా వేసుకుని మొదటి బస్సుకే దిగాడు. వద్దన్నా వినలేదు. మొదట ఒక హమాలీ కూర్చున్నాడు. బస్తాలెత్తే చేయి కర్రను ఒక్క లాగు లాగేసరికి దారాలు పటపటా తెగాయి. ఇరవై సెకన్లు. నేను సంతోషంగా రాసుకున్నాను. తర్వాత ఒక వకీలు గుమాస్తా. చివరికి చిక్కుపడిన తెరను చూసి, ఇదేదో ఆస్తి తగాదాలా ఉందని లేచిపోయాడు. మూడోవాడు గాజుల అంగడి మియా, మా దూరపు చుట్టం.

"అరె, నెమ్మదిగన్నా, నెమ్మదిగ! ముందు తొక్కు, తర్వాత నాడె ఇసురు!" మాస్టరు ఆగలేక పక్కకొచ్చి నిలబడ్డాడు. "అదో, ఆడ తెగింది సూడు, ముడెయ్యి, ముడెయ్యి!"

మియా అతను చెప్పినట్టు ముడి వేశాడు. ఒక నిమిషం దాటింది. రెండు దాటాయి.

"మాస్టరూ, నువ్వు పోయి టీ తాగిరా పో" అన్నాను.

"ఇప్పుడే తాగినా భాయ్. సూడు, ఈయప్పకు సెయ్యి కుదురుతాండాది! సెప్తే వస్తాది!"

"నీకు పాస్ కావల్లనా వద్దా?" అని పళ్లు కొరికి, జబ్బ పట్టుకుని బయటికి తోశాను. అతను పోగానే మియా చేయి తడబడింది. రెండు నిమిషాల నలభై సెకన్లు. అల్లా కాపాడాడు అనుకున్నాను. మిగిలిన ఏడుగురూ వరసపెట్టి చిక్కుపడ్డారు. అతను బయట ఎండలో నిలబడి, లోపల దారాలు తెగిన చప్పుడు వచ్చినప్పుడల్లా మొహం చిట్లించుకుంటున్నాడు. అందరూ ఓడిపోవాలని నేను, ఒక్కరైనా చీర దించాలని అతను. ఒకే ఆట కోసం ఇద్దరం వేరే వేరే ప్రార్థనలు చేశాం. నాదే ఫలించింది.

పది రోజులకు మేనేజరు బెంగుళూరు నుంచి ట్రంకాల్ చేశాడు. కన్నడం ఆయన, తెలుగు బాగానే మాట్లాడేవాడు. "ఏనప్పా, భారీ ఆట పట్టినావే! ఇంత తొందరగా రూపాయి మింగే ఆట మన దగ్గర ఇంకోటి లేదు!" అన్నాడు. నాకు శభాష్‌లు చెప్పాడు. ఒప్పందం కాగితాలు వచ్చాయి. తెర మీద అతను గళ్ల కాగితంలో ముచ్చటగా గీసిన తెలుగు అక్షరాలన్నీ తీసేసి ఇంగ్లీషు పెట్టాం. అవ్వకు ఇంగ్లీషు రాకపోయినా దారాలు వచ్చు కాబట్టి ఇబ్బంది లేదన్నాను. అతను ఒప్పందంలో ప్రతి వాక్యానికీ అర్థం చెప్పించుకుంటూ, చివరి పేజీలో రెండేళ్ల రూలు దగ్గర ఆగాడు.

"ఇంగ యాడా ఆడించగూడదంటే, మన ఈదిలో గూడనా?"

"మన ఈదిలో కంపెనీ పెట్టె ఉండాదిగా అప్పా! ఇంగేం కావల్ల? పెట్టు సంతకం."

నా పెన్ను ఇచ్చాను. పెట్టాడు. ఉగాదికి వాళ్లింట్లో భక్ష్యాలు తిన్నాను. షోలాపురం మాట ఎవరూ ఎత్తలేదు. అతని భార్య నా విస్తరిలో నెయ్యి వేస్తూ, "మా అన్న గూడ నీ అంత సేయలేదు భాయ్" అంది. గాల్లో తేలిపోయాను.

వంద క్యాసెట్లు నాలుగు రాష్ట్రాలకు పోయాయి. తర్వాత జరిగింది విన్నాక నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. మా ఊరనే ఏముంది, బళ్ళారిలో, రాయచూరులో, హుబ్లీలో అంతటా ఇదే వరస: మనిషి రూపాయి వేస్తాడు, అర నిమిషంలో చిక్కుపడుతుంది, పెట్టెను ఒక తన్ను తన్ని పోతాడు. రెండో రూపాయి వేసినవాడు లేడు. ఎమ్మిగనూరులో పొద్దున్నే ఒక రూపాయి పడుతుంది, దీపాలు పెట్టేదాకా రెండోది పడదు. నేత రానివాళ్లు రెండోసారి ఆడరు, వచ్చినవాళ్లు లేవరు. రూలు ప్రకారం పాసైన ఆట, అదే రూలు పెట్టినవాళ్ల గల్లాపెట్టెకు రెండు వైపులా చిల్లు పెట్టింది. మూడో నెలలో ఉత్తరం వచ్చింది. ఆటను అన్ని పెట్టెల్లోంచీ తీసేయాలి.

బెంగుళూరుకు పోయి మేనేజరు ముందు నిలబడ్డాను. ఎమ్మిగనూరులో ఒక్కచోట ఉంచమన్నాను. ఒక్క ఊరి కోసం ప్రత్యేకం కుదరదన్నాడు. అయితే ఆటను ఆయనకు వదిలేయండి, సొంత పెట్టెలో ఆడించుకుంటాడన్నాను.

"రెండేళ్లయినాక ఆడించుకోనీ. మనం తీసేసిన ఆట రేపు ఇంకో పెట్టెలో ఆడితే మన పెట్టెలకు పరువేముంటుంది? సంతకం పెట్టినాడు కదప్పా. నువ్వే పెట్టించినావు."

కోపంగా అన్న మాట కాదు, ఉన్నమాట. తిరుగు రైల్లో కూర్చుని అదే తలచుకున్నాను. ఎమ్మిగనూరులోనే పరీక్ష పెట్టి, ఆట ముగియడం లేదని ఉన్నదున్నట్టు రాసి, ఫెయిల్ చేసి ఉంటే ఆ ఆట అతని దగ్గరే ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్ కంప్యూటరూ పాత టీవీ పెట్టుకుని ఆ వీధిలో బతికేవాడు. గొప్పగా కాకపోవచ్చు, బతికేవాడు. నేను పాస్ చేయించి దానికి తాళం వేశాను. నా ఉద్యోగంలో పాడుచేసిన టీవీలున్నాయి, కాల్చిన ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి, వాటికి నాకు నిద్ర పట్టని రోజు లేదు. దీనికి మాత్రం పట్టలేదు.

క్యాసెట్టు తీయడానికి నేనే పోవాలి కదా. హోటలుకు చేరేసరికి స్టూలు మీద అవ్వే ఉంది. మాస్టరు పక్కన గోడకానుకుని నిలబడి ఉన్నాడు. సంగతి అతనికి ముందురోజే చెప్పాను. విని, "అట్లనా" అన్నాడు, అంతే. నేను తాళాల గుత్తి పట్టుకుని పెట్టె వెనక్కి పోతుంటే అవ్వ తెర మీంచి కళ్లు తిప్పకుండానే కేకేసింది.

"ఆగప్పా ఆగు. కొంగు దగ్గరుండా. నడమంత్రంగ మగ్గం ఆపుతారా ఎవురన్నా?"

ఆగాను. హోటలాయన పొయ్యి మీద పాలు కలుపుకుంటూ ఉండిపోయాడు. కొంగు నేయడం పూర్తయింది. తెర మీద చీర విప్పుకుంది, నెమళ్లతో. అవ్వ కొత్త పడుగు రాకముందే కర్ర వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఊ, ఇంగ కోసుకో నాయనా" అంది.

నేసిన చీరను మగ్గం మీంచి కోసేటప్పుడు అనే మాట అది. నేను తలుపు తీసి, కరెంటు ఆపి, క్యాసెట్టు లాగి సంచిలో వేసుకున్నాను. దాని స్థానంలో కార్లు గుద్దుకునే ఆట ఒకటి పెట్టాను. అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి ఇంటికి పోయింది.

ఆ దెబ్బతో ఉద్యోగానికి రాజీనామా చేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. చేయలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఇంకో మూడేళ్లు అదే సంచి మోశాను. రెండేళ్లు నిండాక ఆటను వదిలేస్తున్నట్టు కంపెనీ కాగితం ఇస్తే షోలాపురం చిరునామాకు పంపాను. అక్కడ మిల్లు మారాడట, కాగితం తిరిగొచ్చింది. ఇప్పుడు చిన్న చిన్న ఆటలు చేసే పిల్లలు నా దగ్గరికొచ్చి, పెద్ద కంపెనీ రూలుకు తగ్గట్టు మా ఆటను ఎట్లా పాస్ చేయించుకోవాలని అడుగుతుంటారు. పాస్ కావడం సంగతి సరే, ముందు ఆ కాగితం చివరి పేజీ చదవండి నాయనా అంటాను. ముసలాడి చాదస్తమనుకుంటారు. అనుకోనీ.

అతను వెళ్లిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. షోలాపురం పోయే బండి ఆదోనిలోనే ఆగుతుంది కనుక స్టేషనుకు నేనూ పోయాను. భార్యాభర్తలు ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలతో బెంచీ మీద కూర్చున్నారు. ఆమె నా వైపు చూడలేదు. బండి వచ్చే గంట కొట్టాక అతను నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"భాయ్, ఒక మాట నిజం సెప్పు. నాలుగు రాష్ట్రాల్లో పెట్టినారు గదా. మన ఎమ్మిగనూరు కాకుండ యాడన్నా ఒక్కరన్నా చీర దించినారా?"

అన్ని ఊళ్ల రిపోర్టులూ నేను చూశాను. హుబ్లీలో ఎవరో దించారట అని ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఊరు విడిచి పోతున్నాడు, ఆ మాత్రం ఊరట ఇస్తే ఏం పోతుంది? కానీ అతని మొహంలోకి చూసి చెప్పలేకపోయాను.

"లేదప్పా. ఒక్కరు గూడ దించలేదు."

అతని మొహమంతా వెలిగిపోయింది. గబగబా బెంచీ దగ్గరికి పోయి, నేను ఎన్నడూ వినని పెద్ద గొంతుతో భార్యతో అన్నాడు.

"సూసినావా? నాలుగు రాష్ట్రాల్లో మన ఊరోళ్లకు తప్ప ఎవురికీ సేతగాలేదంట!"

నేసే పని లేక ఊరు విడిచి పోతున్న మనిషి ఆ మాట అని పసివాడిలా నవ్వుతున్నాడు. బండి వచ్చింది. ట్రంకుపెట్టె లోపలికి అందించి, నేను కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.